వెళ్ళొస్తాను అనరాదు

ఒకే దయ్యానికి మూడు మొహాలుండటం ప్రభుత్వం వారికి నచ్చలేదు. నచ్చకపోతే ఎవరైనా ఊరుకుంటారు. ప్రభుత్వమన్నాక ఊరుకోదు గనక ఒక మండలి వేసింది. దాని పేరు రాష్ట్ర నవలా రూపాంతర ఏకీకరణ మండలి. అంత పేరు పట్టే బోర్డు దొరక్క, 'ఏకీ' దగ్గర విరిచేసి 'కరణ'ని కింది వరసలోకి దింపారు.

ఈ మండలి పుట్టటానికి కారణం ఒక పెద్దమనిషి ఇంట్లో జరిగిన గొడవ. ఒక దయ్యం కథని ఆయన సినిమాగా చూశాడు, భార్య సీరియల్‌గా చూసింది, కోడలు ఫోనులో వెబ్ సిరీస్‌గా చూసింది. చివరికి ఆ దయ్యం ఏమైందన్న విషయం మీద ముగ్గురికీ మాటా మాటా పెరిగి మూడు రోజులు పొయ్యి వెలగలేదు. మనలాంటివాళ్ళ ఇంట్లో పొయ్యి వెలక్కపోతే పక్కింటివాళ్ళు కూడా పట్టించుకోరు. ఆయన చాలా పెద్దమనిషి కావటంతో జీవో వచ్చింది. ఒక నవలని పలువురు పలు విధాలుగా తెరకెక్కించుటవలన ప్రజలలో అయోమయం ఏర్పడుచున్నది గనుక, అన్ని రూపాలనూ పోల్చిచూసి, ఒకదానిని ప్రామాణికముగా నిర్ణయించి, మిగిలినవాటిని తియ్యనట్లుగా భావించవలెనని అందులో ఉంది.

మొదట చేతికి చిక్కిన నవల 'తొమ్మిదో నంబరు వాటా'. రాసింది కర్లపూడి నీలవేణి.

నీలవేణి తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్కేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. జీవితంలో రాసింది ఆ ఒక్క నవలే, అదీ ఇరవై ఆరేళ్ళ వయసులో. వారపత్రికలో వస్తున్నన్నాళ్ళూ దీపాలు పెట్టే వేళయితే పెరట్లోకి వెళ్ళలేకపోతున్నామని ఆడవాళ్ళు బస్తాల కొద్దీ ఉత్తరాలు రాశారు. చిత్రమేమిటంటే ఆ నవలలో దయ్యం ఒక్కచోటా కనబడదు. తొమ్మిది వాటాల ఇల్లొకటి. తొమ్మిదో వాటాలో ఉండే సూరమ్మ జబ్బు చేసి, రిక్షాలో ఆస్పత్రికి వెళ్తూ వాటా వాటాకీ చెప్పి వెళ్తుంది, "వెళ్ళొస్తాను" అని. మళ్ళీ రాదు, పోతుంది. కానీ మాటిచ్చింది కదా. అక్కణ్ణించీ ఆ ఇంట్లో ఆ మాట అని గడప దాటినవాళ్ళెవరైనా, బతికున్నా లేకపోయినా, తిరిగి ఆ వాటాకే వస్తారు. ఇది కనిపెట్టిన ఇందుమతి అనే పిల్ల ఇల్లు ఖాళీ చేసి, సామానంతా బండికెక్కించి, పొరపాటున కూడా ఆ మాట అనకూడదని పెదాలు బిగించుకుని బయల్దేరుతుంది. ఒకటో వాటా ఆవిడ గుమ్మంలోకొచ్చి ఆప్యాయంగా "బయల్దేరావా అమ్మాయ్?" అంటుంది.

"వెళ్ళొస్తాను పిన్నిగారూ," అంది ఇందుమతి.

అంతే, నవల అయిపోయింది. మనవాళ్ళెవరూ ఒకరి గడప దగ్గర "పోతున్నాను" అనరు. చచ్చినా అనరు. ఆ మర్యాదలోనే దయ్యాన్ని కూర్చోబెట్టింది నీలవేణి. ఆ పని చెయ్యటానికి ఆవిడకి ఏ మండలీ అక్కర్లేకపోయింది.

పుస్తకం అచ్చులో లేక పాతికేళ్ళయింది. ఒక్క రూపం తేలగానే నవలని తిరిగి అచ్చువేసి ఇంటర్ రెండో సంవత్సరానికి ఉపవాచకంగా పెడతామని మండలి ఉత్తరం రాసింది. నీలవేణికి ఆ రోజు కాలు నిలవలేదు. పదిహేడేళ్ళ పిల్లలు ఆ ఆఖరి వాక్యం చదివి, సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికొస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది. ఉత్తరం కింద 'అసలు ప్రతి జతచేయవలెను' అని ఉంది. ఇంట్లో మిగిలింది ఒక్కటే ప్రతి, అట్ట ఊడితే తనే కుట్టుకున్నది. పంపేసింది. తర్వాత చాలాసార్లు ఆ తెలివితక్కువతనానికి తనని తనే తిట్టుకుంది.

బెజవాడలో కాలవ పక్కనున్న ఆఫీసులో పోలికల పని మొదలైంది. అధ్యక్షుడు ములుకుట్ల దశరథరామయ్య గారు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజినీరుగా చేసి దిగినాయన. జన్మంతా పెరిగేవాటిని కొలిచాడు గనక భయాన్నీ కొలవగలడని ప్రభుత్వం వారి నమ్మకం. సభ్యుడు ఆచార్య వేమవరపు సోమయాజులు తులనాత్మక అధ్యయనంలో దిట్ట. రెండు పుస్తకాల్ని పోల్చాలంటే రెండూ చదవకూడదనీ, చదివితే ఏదో ఒకదాని మీద మనసు పడి పక్షపాతం వస్తుందనీ ఆయన సిద్ధాంతం. ఆ నిష్ఠతో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాడు. మూడోవాడు సభ్య కార్యదర్శి డేవిడ్ సుధాకరరావు. ఆయనకి కథలు తెలియవు గానీ జీవోలన్నీ నోటికొచ్చు.

భయాన్ని అంకెల్లో చెప్పాలి గనక ఆరోగ్య శాఖ నుంచి మూడు బీపీ మిషన్లు తెప్పించి ముగ్గురి జబ్బలకీ పట్టీలు కట్టారు. ఇరవై పాయింట్లు పెరిగితే మిషను కీచుమంటుంది. ఒక కీచుకి ఒక భయం లెక్క. అంకెలు రాసుకోవటానికి టైపిస్టు మస్తాన్ బీని పక్కన కూర్చోబెట్టారు.

ముందు సినిమా వేశారు. అందులో సూరమ్మ దయ్యం తెల్లచీర కట్టుకుని పాడుతుంది. హీరో పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయన ఆ తెల్లచీర పట్టి లాగితే లోపల మీసాల దొంగ బయటపడతాడు, తొమ్మిదో వాటాలో బంగారం బిస్కెట్లు దొరుకుతాయి. ఇందుమతి ఆఖరి మాట వానలో పాటయింది, వెనకాల ఎనిమిది మంది. సినిమా మొత్తం మీద అధ్యక్షుడి మిషను ఒక్కసారి కీచుమంది. విచారించగా అప్పుడాయన మిరపకాయ బజ్జీ కొరికారని తేలింది. సోమయాజులు గారు రెండో రీలులోనే నిద్రపోయారు. ఆయన అంకె ఉన్నదానికంటే దిగిపోతే, కొట్టేయటానికి మనసొప్పక 'ఋణాత్మక భయం' అని రాయించారు.

సీరియల్ ఆరువందల పన్నెండు భాగాలు. అందులో సూరమ్మ అత్తగారయింది. వంటింటి తాళాల గుత్తి కోసం ముగ్గురు కోడళ్ళని ఏడిపించుకు తింటుంది. చచ్చిపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు, ఆవిడక్కూడా గుర్తున్నట్టు లేదు. ఇందుమతి పెట్టె పట్టుకుని గడప మీద పదకొండు భాగాల పాటు నిలబడింది. ఒక్కొక్కళ్ళ మొహమూ మూడేసిసార్లు చూపించారు. అంతలో సీరియల్ ఆపేశారు గనక ఆ పిల్ల ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

ఇక వెబ్ సిరీస్‌లో తొమ్మిది వాటాల ఇల్లు పోయి తొమ్మిది విల్లాలొచ్చాయి. దయ్యం దయ్యం కాదు, చిన్నప్పుడు మనసుకి తగిలిన గాయం. గడ్డం పెంచిన డాక్టరొకాయన ఆ సంగతి ఎనిమిది గంటలు నింపాదిగా చెబుతాడు. ఆఖర్న ఇందుమతి కారెక్కి "బై ఆంటీ" అంటుంది.

ఇవన్నీ అయ్యాక విచారణకి హాజరు కమ్మని నీలవేణికి తాఖీదొచ్చింది.

"కూర్చోండమ్మా," అన్నాడు దశరథరామయ్య. "మీ నవల బాగానే ఉందని విన్నాం. అయితే ఒకటే చిక్కు. మిగతా మూడింటితో సరిపోవటం లేదు."

"అవి కదండీ నవలతో సరిపోవాల్సింది."

"అది మీ అభిప్రాయం. మండలి అభిప్రాయాలతో పనిచెయ్యదు. సుధాకరరావు గారూ, చదవండి."

సుధాకరరావు గొంతు సవరించుకున్నాడు. "అంశము: దయ్యము కనబడుట. సినిమాలో కనబడినది. సీరియల్ నందు ఐదువందల తొంభై భాగములలో కనబడినది. వెబ్ సిరీస్ నందు మనసులో కనబడినది. నవలలో కనబడలేదు. మూడింటికి ఒకటి. కావున మెజారిటీ ప్రకారము నవల తప్పుదారి పట్టినట్లు భావించడమైనది. మూలమునకు విధేయత: సినిమాకు నూటికి అరవై నాలుగు, వెబ్ సిరీస్‌కు నలభై ఒకటి, నవలకు ఇరవై ఏడు, సీరియల్‌కు పంతొమ్మిది."

నీలవేణి తన చెవుల్ని నమ్మలేకపోయింది. రాంగ్ నంబరు కలిపిందని జనం తిట్టిన తిట్లన్నీ విన్న చెవులవి. "నా నవలకి నా నవల మీద విధేయత ఇరవై ఏడేనా అండీ?"

"బాధపడకండి, సీరియల్ కంటే మీరే నయం," అన్నాడు అధ్యక్షుడు ఓదార్పుగా.

"మరి మూలమంటే ఏదండీ?"

"అది ఇంకా తేలలేదమ్మా. తేలేవరకూ నాలుగూ రూపాంతరాలే."

సోమయాజులు గారు కళ్ళు సగం మూసి అందుకున్నాడు. "తాత్వికంగా చూస్తే మూలమన్నది ఒక భావన మాత్రమేనమ్మా. రచయిత్రి కూడా ఒక భావనే."

"భావనకి తెనాలి బస్సు టైమవుతోందండీ. నా ఆఖరి వాక్యం ఉంచుతారో లేదో చెబితే వెళ్తాను."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అసలు చిక్కంతా ఆ ఆఖరి వాక్యం దగ్గరే వచ్చింది. తెర మీదివి మూడూ చూశాక నవల కూడా చదవాలని జీవోలో ఉంది. సభ్యులకి చదివే తీరిక లేదు, సోమయాజులు గారికి సిద్ధాంతం అడ్డం. అంచేత ఎలాగూ టైపు కొట్టాలి కదా అని మస్తాన్ బీని పాఠక ప్రతినిధిగా నియమించి ఆవిడ జబ్బకి పట్టీ కట్టారు. నూట డెబ్భై పేజీలు కొట్టేదాకా మిషను ఉలకలేదు. ఆఖరి వాక్యం దగ్గర కీచుమంది. నలభై పాయింట్లు. మిషను చెడిపోయిందేమోనని మళ్ళీ కొట్టించారు, మళ్ళీ నలభై. మూడోసారి కొట్టనని మస్తాన్ బీ మొండికేసింది. "చెప్పిన పని చేస్తానుగాని సార్, ఆ ఒక్క లైను మాత్రం వద్దండి," అంది.

బుద్ధున్న మండలైతే ఆ వాక్యానికి దండేసి దణ్ణం పెట్టేది. ఈ మండలి దాన్ని దోషి కింద బోనెక్కించింది.

"అమ్మా, ఈ 'వెళ్ళొస్తాను' అనే మాటలో వెళ్ళటమూ ఉంది, రావటమూ ఉంది," అన్నాడు దశరథరామయ్య. "నలభయ్యేళ్ళు గేట్లు ఎత్తించి దింపించినవాణ్ణి నేను. ఒకే గేటులో నీళ్ళు ఇటూ అటూ పారవు. ప్రభుత్వం ఆమోదించిన పుస్తకంలో ఇలాంటి పరస్పర వైరుధ్యం ఉండకూడదు. ఆ పిల్ల వెళ్తోందా, వస్తోందా? ఏదో ఒకటి తేల్చండి."

"తేలకపోవటమే కదండీ కథ."

"తేలనిదాన్ని తేల్చటానికే కదమ్మా మండలి."

సుధాకరరావు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన జీవో చదివితే అందులో లేనిది కూడా కనిపించేది. "అధ్యక్షా, సదరు మాటను రాష్ట్రవ్యాప్తంగా ఉద్యోగులు ప్రతి సాయంత్రమూ ఎట్టి అనుమతీ లేకుండా ఉపయోగించుచున్నారు. భయోత్పాదకమని యంత్రము ద్వారా నిర్ధారణ అయిన పిమ్మట దానిని కార్యాలయములందు ఉపేక్షించుట భావ్యము కాదు."

ఆ పూట రెండు తీర్మానాలయ్యాయి. మొదటిది, నవలలో ఆఖరి వాక్యం తీసేసి "నేను ఇప్పుడు పోవుచున్నాను. తిరిగి వచ్చుట లేదు" అని చేర్చాలి. రెండోది, వచ్చే సోమవారం నుంచి ప్రయోగాత్మకంగా మండలి ఆఫీసులో ఎవరూ 'వెళ్ళొస్తాను' అనరాదు, 'వస్తాను' అసలే అనరాదు. పోయేటప్పుడు గదిలో ఉన్న వారందరి ఎదుటా సవరించిన వాక్యాన్ని స్పష్టంగా పలికి రిజిస్టరులో సంతకం పెట్టాలి. చెప్పకుండా జారుకోవటం క్రమశిక్షణా రాహిత్యం.

తీర్మానం రాసిన సిరా ఆరక ముందే అధ్యక్షుడు నీలవేణి పుస్తకం తెరిచి, ఆఖరి వాక్యం మీద స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో గీత కొట్టాడు. అట్ట తను కుట్టుకున్న పుస్తకం. ఆ గీత చూసేసరికి నీలవేణికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చాయి.

"సోమవారం నాలుగింటికొచ్చి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టండమ్మా," అన్నాడు సుధాకరరావు. "లేకపోతే అచ్చూ లేదు, ఉపవాచకమూ లేదు."

వారమంతా నీలవేణికి అన్నం సయించలేదు. సంతకం పెడితే లక్ష మంది పిల్లలు చదువుతారు. కానీ చదివేది తన నవల కాదు, చివర్న తోక కోసిన మరోటి. పెట్టకపోతే తనతోపాటే పోతుంది. ఒక్క వాక్యమే కదా అని ఒకసారి అనుకుంది. ఆ ఒక్క వాక్యం కోసమే కదా నూట డెబ్భై పేజీలు రాసింది అని మళ్ళీ అనుకుంది. ఏదీ తేల్చుకోకుండానే సోమవారం బస్సెక్కింది.

నాలుగింటికి గదిలో అందరూ ఉన్నారు. మర్నాడు మిషన్లు ఆరోగ్య శాఖకి అప్పగించాలి గనక, పనిచేస్తున్నట్టు రాసివ్వటానికి ముగ్గురి జబ్బలకీ పట్టీలున్నాయి. గడప పక్కన కొత్త రిజిస్టరు. దానిపైన గోడకి పెద్దక్షరాలతో "నేను ఇప్పుడు పోవుచున్నాను. తిరిగి వచ్చుట లేదు."

నీలవేణి సమ్మతి పత్రం ముందు పెట్టుకుని కలం మూత తీసి కూర్చుంది. గడియారం ఐదు కొట్టింది.

ఎవరూ లేవలేదు.

మామూలుగా ఆ ఆఫీసులో ఐదు కొట్టాక ఎవరూ కనబడరు. ఐదుకి పది నిమిషాలుండగానే సంచులు చంకల్లో ఉంటాయి. ఇవాళ సుధాకరరావు ఎప్పుడో మూసేసిన ఫైలు మళ్ళీ తెరిచాడు. సోమయాజులు గారు లేచి, గడప దాకా వెళ్ళి, గోడ మీది అక్షరాలు చూసి, "గొడుగు మర్చిపోయాను," అని వెనక్కొచ్చి కూర్చున్నాడు. గొడుగు ఆయన చేతిలోనే ఉంది. కింద అధ్యక్షుడి కారు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"కానివ్వండి సుధాకరరావు గారూ, మీరు బయల్దేరండి," అన్నాడు దశరథరామయ్య.

"తమరుండగా నేనా అండీ. ముందు తమరు."

"నాకేం తొందర లేదు. ఆచార్యులవారికి దూరం."

"మా అమ్మాయికి నెలలు నిండాయండీ," అన్నాడు సోమయాజులు గారు. తత్త్వమంతా ఎటు పోయిందో, గొంతు పీలగా వచ్చింది. "ఇంట్లో శుభకార్యం పెట్టుకుని నోటితో అలాంటి మాట ఎలా అంటామండీ."

"మొన్ననే గుండెకి స్టెంటు వేశారు నాకు," అన్నాడు సుధాకరరావు నేల చూపులు చూస్తూ. "తిరిగి రానని రిజిస్టరులో సంతకం పెట్టి మరీ పోతే... తమరే రూలు సడలించాలి."

"సడలించాలంటే మీటింగు పెట్టాలి. మీటింగుకి మూడు రోజుల నోటీసివ్వాలి. ఆ రూలు మీరే రాశారు."

ఐదూ ముప్పావు అయింది. కాలవ మీంచి ఎండ దిగిపోతోంది. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా అధ్యక్షుడు రెండుసార్లు నుదురు తుడుచుకున్నాడు. వరదలో గేటు మీద నిలబడి ఆర్డర్లిచ్చిన మనిషి, రెండు చెక్కల గడపకేసి చూడటానికి జంకుతున్నాడు. ఆయన జబ్బ మీది మిషను చిన్నగా కీచుమంది. పక్కవాళ్ళకి వినబడకుండా చెయ్యి వేసి మూశాడు.

నీలవేణి ఇదంతా చూస్తోంది. ఒక గడప. ఒక మాట. దాని చుట్టూ కదల్లేక కూర్చున్న మనుషులు. దయ్యం ఎక్కడా కనబడటం లేదు. ముప్ఫై ఏడేళ్ళుగా ముగ్గురు డైరెక్టర్లు తియ్యలేకపోయిన తన నవలని ఈ వెర్రివాళ్ళు కళ్ళముందు తు.చ. తప్పకుండా ఆడిచూపిస్తున్నారు. నవలకి నూటికి నూరు విధేయత. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే, వారం రోజులుగా తేలనిది తేలిపోయింది. కలానికి మూత పెట్టి, సమ్మతి పత్రాన్ని బల్ల మీదే వదిలేసి లేచింది.

"నా పుస్తకం ఇప్పించండి."

"సంతకం పెట్టకపోతే అచ్చు ఉండదమ్మా," అన్నాడు సుధాకరరావు. వెనకటి దర్పం లేదు గొంతులో.

"వద్దు లెండి."

 ఇక ఈ జన్మలో ఆ పుస్తకం అచ్చులో చూడనని ఆవిడకి తెలుసు. అయినా అంది. మస్తాన్ బీ బీరువాలోంచి పుస్తకం తీసి రెండు చేతులా అందించి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆఖరి పేజీలో గీత కొట్టకముందే, టైపు చేసేటప్పుడు కార్బన్ పెట్టి నేనొక కాపీ ఎక్కువ తీశానండమ్మగారూ. మా అమ్మాయి కాలేజీకి పట్టుకెళ్ళింది. క్లాసంతా రాసుకున్నారంట. అప్పట్నించీ ఆడపిల్లలు ఇంటికెళ్ళేటప్పుడు ఒకళ్ళకొకళ్ళు ఆ మాట చెప్పుకోటం మానేశారంట."

నీలవేణి మస్తాన్ బీ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి వదిలింది. పుస్తకం సంచిలో పెట్టుకుని గడప దగ్గరికి నడిచింది.

"అమ్మా, రిజిస్టరు..." అన్నాడు దశరథరామయ్య. "ఆ వాక్యం పలికి పొండమ్మా." ఎవరో ఒకరు ముందు ఆ మాట అనేస్తే తమకి దారి దొరుకుతుందన్న ఆశ ఆయన మొహంలో కొట్టొచ్చినట్టు కనబడుతోంది. మిగిలిన ఇద్దరూ కూడా కుర్చీల్లో ముందుకు వంగారు.

నీలవేణి గడప దాటి ఆగింది. వెనక్కి తిరిగి ముగ్గుర్నీ ఒక్కొక్కళ్ళనే చూసింది. ముప్ఫై ఒక్కేళ్ళు లైన్లు కలిపిన గొంతు, ఎంత దూరాన ఉన్నవాడికైనా ఒక్కక్షరం పోకుండా వినబడే గొంతు అది.

"వెళ్ళొస్తానండీ," అంది.

మూడు మిషన్లూ ఒక్కసారే కీచుమన్నాయి. మస్తాన్ బీ అలవాటు కొద్దీ మూడింట్లో పెద్ద అంకె రాసుకుంది, డెబ్భై రెండు. అలా చెప్పి వెళ్ళేవాళ్ళకి "మంచిదమ్మా" అని బదులివ్వటం మన మర్యాద. ముగ్గుర్లో ఒక్కడికీ అది గుర్తుకు రాలేదు. ఆవిడ చెప్పులు మెట్లు దిగుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎప్పుడమ్మా?" అని అరిచాడు దశరథరామయ్య.